పాఠకుల ప్రశ్నలు: మనసును ఏలే యంత్రాన్ని బొమ్మలో చూపడం ఎలా?

ప్రశ్న: సైన్స్ ఫిక్షన్ కథల కోసం పాత్రల బొమ్మలు గీస్తుంటాను. ఒక నియంత తన పౌరుల తలల్లో ఇంప్లాంట్లు పెట్టించి వారిని ఆడించే కథకు ఇప్పుడు పనిచేస్తున్నాను. కణత మీద ఎర్రగా వెలిగే లోహపు బిళ్ల, దాని చుట్టూ తీగలు గీస్తే, చూసినవారందరూ ఇది ఎక్కడో చూసినట్టే ఉందని అంటున్నారు. దీన్ని కొత్తగా ఎలా ఊహించాలి?

జవాబు: బిళ్లను మార్చి పలక గీసినా, ఎరుపు తీసి ఆకుపచ్చ పెట్టినా మీకు ఆ మాట తప్పదు. ఆ పరికరం మనిషి చేత ఏం చేయించగలదు, ఏం చేయించలేదు అన్నది ముందుగా తేల్చుకోండి. దాన్ని ఎక్కడ అమర్చాలి, బయటికి ఎంత కనబడాలి, ఒంటి మీద దాని ప్రభావం ఎలా ఉండాలి అన్నవన్నీ ఆ నిర్ణయాన్ని బట్టే వస్తాయి. మనసును అదుపు చేయడం అని ఒక్క మాటలో అనేస్తాం గాని, అందులో కండరాన్ని కదిలించడం, కోరికను పుట్టించడం, మొదలైన పనిని మధ్యలో ఆపించడం అనే మూడు వేర్వేరు పనులు ఇమిడి ఉన్నాయి. ఈ మూడింటికీ శాస్త్ర చరిత్రలో నిజమైన ఉదాహరణలు దొరుకుతాయి, మూడూ మూడు రకాల బొమ్మలను ఇస్తాయి.

మాంట్రియల్‌లో మెదడు శస్త్రచికిత్సలు చేసిన వైల్డర్ పెన్‌ఫీల్డ్, మెలకువగా ఉన్న రోగుల మెదడు పైపొరను సన్నని ఎలక్ట్రోడ్‌తో, అంటే విద్యుత్తును అందించే లోహపు కొనతో, తాకి చూసేవారు. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు కాబట్టి రోగి మాట్లాడుతూనే ఉండేవాడు. కదలికలకు సంబంధించిన భాగాన్ని తాకినప్పుడు చెయ్యి లేచేది, కాని దాన్ని లేపింది తాను కాదని రోగి చెప్పేవాడు. ఈ రకం పాత్రకు చెయ్యి ఒకరిది, ముఖం మరొకరిది అన్నట్టు ఉండాలి. చేతిలో ఆయుధం గురి తప్పకుండా నిలిచి ఉంటే, కళ్లు ఆ చేతినే చూస్తూ బెదిరిపోవాలి.

రెండవ రకానికి 2002లో న్యూయార్క్ పరిశోధకులు ఎలుకల మీద చేసిన ప్రయోగం మంచి ఆధారం. మీసాల స్పర్శను గ్రహించే మెదడు భాగాల్లో రెండు వైపులా ఎలక్ట్రోడ్లు పెట్టి, సుఖానుభూతిని కలిగించే నాడీమార్గంలో ఇంకొకటి అమర్చి, వీపున ఒక చిన్న సంచిలో రిసీవర్ కట్టారు. ఎడమ మీసాన్ని ఏదో తాకినట్టు అనిపించినప్పుడు ఎలుక ఎడమకు తిరిగితే వెంటనే సుఖం దక్కేది. ఆ ఎలుకను ఎవరూ నెట్టలేదు, దానంతట అదే ఉత్సాహంగా వెళ్లింది. మీ నియంత తెలివైనవాడైతే ఈ దారినే ఎంచుకుంటాడని నా అభిప్రాయం. అలాంటి పౌరుడి ముఖంలో బాధ గాని శూన్యపు చూపు గాని ఉండవు. చుట్టూ జరుగుతున్నదానికి ఏమాత్రం పొసగని సంతోషం ఉంటుంది. పాత్రను విడిగా గీస్తే ఇది తెలియదు కాబట్టి, ఆ ముఖం పక్కన ఏం జరుగుతోందో కూడా చూపవలసి ఉంటుంది.

ఇక ఆపించడం సంగతి. మెదడు పరిశోధకుడు హోసే డెల్గాడో 1963లో స్పెయిన్‌లోని కోర్డోబా దగ్గర, మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చిన ఎద్దు ముందు నిలబడి, అది తన మీదికి దూసుకొస్తుంటే రేడియో మీట నొక్కి ఆపారు. దాని కోపం చల్లారిందా, లేక కదలికలు మాత్రమే దారి తప్పాయా అన్న వివాదం తరువాత చాలాకాలం నడిచింది. చిత్రకారుడికి ఆ వివాదం తేలనవసరం లేదు, పైగా తేలకపోవడమే మంచి సరుకు. బరువంతా ముందుకాలి మీద మోపి, పిడికిలి సగం దూరంలో ఆగిపోయిన తిరుగుబాటుదారుడిని గీయండి. ఆగింది అతని ఒళ్లా, అతని మనసా అని చూసేవారే తర్కించుకుంటారు. ఒకే పరికరం విధేయుడిలో కోరికను పుట్టిస్తూ, తిరుగుబాటుదారుడిలో చేతిని ఆపుతూ ఉంటే ఆ రాజ్యం ఎలాంటిదో రెండు బొమ్మల్లోనే తెలిసిపోతుంది.

ప్రశ్న: పరికరం నిజమైన వైద్య పరికరంలా నమ్మదగినట్టు కనిపించాలంటే కొలతలు, లోహాలు, అమర్చే చోటు ఎలా ఉండాలి?

జవాబు: కొత్త చిత్రకారులు పరికరాన్నంతా తల మీదే పెట్టేస్తారు. పార్కిన్సన్ వ్యాధికి వాడే మెదడు ప్రేరక పరికరాన్ని చూడండి: మెదడు లోతుల్లోకి వెళ్లే ఎలక్ట్రోడ్ తీగ మందం సుమారు 1.3 మిల్లీమీటర్లే, తల మీద చిన్న ఉబ్బు తప్ప మరేమీ కనబడదు. తీగ చర్మం కిందుగా చెవి వెనుక నుంచి మెడలోకి దిగి, కాలర్ ఎముక కింద అమర్చిన బ్యాటరీ డబ్బాను చేరుతుంది. సన్నగా ఉన్న మనిషి తల పక్కకు తిప్పితే మెడలో ఆ తీగ దారి లీలగా తేలుతుంది, ఛాతీ పైభాగంలో డబ్బా అంచు తెలుస్తుంది. కాలర్ తెరిచిన చొక్కాతో, పక్కకు చూస్తున్న భంగిమలో పాత్రను నిలబెడితే ఒక్క లోహపు ముక్క కూడా గీయకుండానే విషయమంతా చెప్పవచ్చు. తల తిరిగినప్పుడు తీగ లాగుకుపోకుండా శస్త్రవైద్యులు కొంత తీగను చుట్టగా వదులుతారు, ఆ చుట్ట ఆకారం చర్మం కింద కనిపించినా అందంగా ఉంటుంది.

పుర్రె దగ్గరే ఉంచాలనుకుంటే, మీ కథాలోకం సాంకేతికంగా ఏ దశలో ఉందో బట్టి ఎంచుకోండి. పరిశోధనశాలల్లో ఎక్కువకాలం వాడిన ఎలక్ట్రోడ్ పలక 4 మిల్లీమీటర్ల చదరం, అందులో 100 సూదులు. దాని తీగలు పుర్రెకు స్క్రూలతో బిగించిన ఒక కనెక్టర్‌కు చేరతాయి, ఆ కనెక్టర్ చర్మాన్ని చీల్చుకుని బయటికి ఉంటుంది. ప్రయోగదశలో ఉన్న మోటు రాజ్యానికి అది సరిపోతుంది, ఎందుకంటే చర్మం తెరుచుకున్న చోట ఎప్పుడూ ఎర్రగా, సున్నితంగా, వెంట్రుకలు లేకుండా ఉంటుంది. 2024 జనవరిలో న్యూరాలింక్ సంస్థ తొలిసారి మనిషికి అమర్చిన పరికరం ఇందుకు పూర్తిగా భిన్నం: 1024 ఎలక్ట్రోడ్లున్న ఆ నాణెమంత పరికరం పుర్రెలో తీసిన ఎముక ముక్క స్థానంలో కూర్చుంటుంది, పైన చర్మం మూసుకుపోతుంది. పాలన పాతబడి అదుపు మామూలైపోయిన కాలానికి ఇది తగినది.

మచ్చను ఊహించి గీయవద్దు. కోత సరిగ్గా పరికరం మీదుగా పోతే కుట్టు తెరుచుకుని లోహం బయటపడే ప్రమాదం ఉంది కనుక వైద్యులు పరికరాన్ని తప్పించి వంపుగా కోస్తారు. అందువల్ల ఉబ్బు మచ్చకు పక్కన ఉండాలి గాని దాని కింద ఉండకూడదు. మచ్చ గీత వెంట వెంట్రుకలు మొలవవు కాబట్టి, పొట్టిగా కత్తిరించిన జుట్టులో ఆ వంపు దూరం నుంచే తెలుస్తుంది.

లోహం విషయానికొస్తే టైటానియం డబ్బా, ప్లాటినం-ఇరిడియం కొనలు, సిలికాన్ తొడుగు వాడుకలో ఉన్నవే. టైటానియం సహజంగా బూడిదరంగులో ఉన్నా, విద్యుత్తుతో దాని మీది ఆక్సైడ్ పొర మందాన్ని మారిస్తే ఏ రంగూ పూయకుండానే బంగారు, ఊదా, నీలి ఛాయలు వస్తాయి. హోదాను బట్టి పరికరం రంగు మారే వ్యవస్థను మీరు ఇక్కడ కల్పించుకోవచ్చు. ఒంట్లో అమర్చే పరికరం పైభాగం చుట్టూ ఉన్న కణజాలం కంటే 2 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కకూడదన్నది ప్రమాణం కాబట్టి, ఆవిరి చిమ్మే రంధ్రాలు, ఎర్రగా కాలే రేకులు మాత్రం మానేయండి.

ప్రశ్న: వెలుగు అసలు పెట్టకూడదా? లేకపోతే బొమ్మ వెలవెలబోతోంది.

జవాబు: పెట్టవచ్చు, కారణం ఉండాలి. జన్యుమార్పు చేసిన నాడీకణాలను కాంతితో ప్రేరేపించే పద్ధతి 2005 నుంచి ప్రయోగశాలల్లో వేగంగా ఎదిగింది. అందులో సుమారు 470 నానోమీటర్ల నీలికాంతిని సన్నని ఆప్టికల్ ఫైబర్ ద్వారా మెదడులోకి పంపుతారు. కాంతి పోయేది లోపలికి కాబట్టి, బయట కనబడేది అతుకు చుట్టూ కారే పలుచని నీలి వలయం మాత్రమే. అది కూడా ఆజ్ఞ అందుతున్న క్షణంలోనే వెలగాలి. సూచిక దీపం పెట్టేటట్టయితే అది ఎవరు చూడడానికో ఆలోచించండి. కాపలావాడి కోసమైతే దాని చోటు మెడ వెనుక, మోసేవాడికి ఎన్నడూ కనబడని చోట.

ప్రశ్న: బలవంతపు నవ్వును ఎలా గీయాలి? నేను గీసినది మామూలు నవ్వులాగే వస్తోంది.

జవాబు: ఫ్రెంచ్ వైద్యుడు డుషెన్ ఒక వృద్ధుడి ముఖకండరాలను విద్యుత్తుతో ఒక్కొక్కటిగా కదిలించి ఫోటోలు తీయించి 1862లో ప్రచురించారు. పెదవి మూలను పైకి లాగే కండరాన్ని మాత్రమే ప్రేరేపిస్తే నోరు నవ్వుతుంది, కళ్ల చుట్టూ ఉన్న కండరం కదలదు. నిజమైన ఆనందంలో రెండూ కలిసి పనిచేస్తాయి. మీ పాత్రకు నోటి మూలలను పూర్తిగా పైకి లేపి, కింది రెప్పలను చదునుగా, కంటి కొసలను ముడతలు లేకుండా వదిలేయండి. ఒక పక్క పెదవి రెండవ పక్క కంటే కాస్త ముందుగా లేచినట్టు చూపితే యంత్రపు చేయి తెలుస్తుంది. అయితే కోరికను పుట్టించే రకం ఇంప్లాంట్‌కు ఈ కిటుకు వాడకూడదు, ఆ పాత్ర నవ్వు నిజమైనదే.

ప్రశ్న: చెవి వెనుక గుండ్రటి బిళ్ల పెడితే వినికిడి పరికరంలా ఉందని, అది పెట్టుకునేవారు నొచ్చుకుంటారని ఒక మిత్రుడు అన్నారు. నిజమేనా?

జవాబు: నిజమే. కాక్లియర్ ఇంప్లాంట్ బయటి భాగం సరిగ్గా ఆ చోటనే, అదే ఆకారంలో ఉంటుంది. దాన్ని ధరించే పిల్లలు మీ బొమ్మలో తమ పరికరాన్ని దుర్మార్గానికి గుర్తుగా చూడడం న్యాయం కాదు. కాక్లియర్ ఇంప్లాంట్ బిళ్ల అయస్కాంతంతో అంటుకుని ఉంటుంది, పడుకునేముందు దాన్ని ధరించినవారే తీసి పక్కన పెట్టుకోవచ్చు. నియంత పరికరానికి ఆ వీలు ఉండదు. ప్రత్యేక పనిముట్టు లేకుండా తిరగని స్క్రూ తల, తెరిస్తే చిరిగిపోయే ముద్ర, చేతికి అందని వీపు మధ్యన చెక్కిన వరుస సంఖ్య గీయండి. ఆ ముద్ర చుట్టూ గోళ్లతో గీరిన పాత గాట్లు నాలుగైదు ఉంటే, దాన్ని మోస్తున్నవాడు ఒకప్పుడు ఏం ప్రయత్నించాడో వేరే చెప్పనక్కరలేదు.