హైడ్రో టెస్ట్ పాసైతే, లోపల తినేసిన వాల్వ్ బాడీని మళ్లీ బిగించొచ్చా?

బాయిలర్ ఫీడ్ వాటర్ కంట్రోల్ వాల్వ్ విప్పితే సీటు కింద బాడీ లోపల బాగా తినేసి ఉంది, బయటి నుంచి అల్ట్రాసోనిక్ ప్రోబ్‌తో తీసిన థిక్‌నెస్ రీడింగులు మాత్రం బాగున్నాయి, హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష) పాసైతే చాలా అని అడిగారు. చాలదు. ఆ ఒత్తిడిని బాడీ ఆ రోజుకి తట్టుకుందని మాత్రమే ఆ టెస్ట్ చెబుతుంది. వచ్చే షట్‌డౌన్ దాకా ఇంకెంత లోహం పోతుందో దానికి తెలియదు.

ముందు ఆ రీడింగులు ఎక్కడ తీశారో చూడండి. నేను పనిచేసిన ఒక ఓవర్‌హాల్‌లో కాంట్రాక్టర్ రీడింగులన్నీ ప్రోబ్ చక్కగా ఆనే చదును చోట్ల తీసినవే. కోత పడింది సీటు రింగ్ కింద వంపులో. లోపల అచ్చు తీసి బయటి కొలతలతో సరిచూస్తే, రిపోర్టుకీ అసలు మందానికీ పొంతనే లేదు. పైగా కాస్టింగుల్లో (పోత పోసిన లోహంలో) శబ్ద తరంగాలు చెదిరిపోతాయి కాబట్టి, తక్కువ ఫ్రీక్వెన్సీ ప్రోబ్ పెట్టి, అదే రకం లోహపు స్టెప్ బ్లాక్‌తో (మందాలు ముందే తెలిసిన మెట్ల దిమ్మెతో) క్యాలిబ్రేట్ చేయించండి.

తర్వాత మందం లెక్క. వాల్వుల ప్రమాణమైన ఏఎస్ఎంఈ బీ16.34లో కనిష్ఠ మందం కంటే తక్కువున్న చిన్న మచ్చకు కొంత వెసులుబాటు ఉంది. అక్కడి మందం కనిష్ఠంలో 75 శాతానికి తగ్గకూడదు. ఆ మచ్చ మొత్తం ఒక వృత్తంలో ఇమడాలి. లోపలి వ్యాసాన్ని కనిష్ఠ మందంతో గుణించి, వర్గమూలం తీసి, 0.35తో గుణిస్తే ఆ వృత్తం వ్యాసం వస్తుంది. వ్యాసం 150, మందం 16 మి.మీ. అనుకుంటే వచ్చేది దాదాపు 17 మి.మీ., అంటే బొటనవేలి గోరంత. మీరు చెప్పిన కోత అంతకంటే చాలా పెద్దదిలా ఉంది. అప్పుడు అరిగిన పరికరం ఇంకా వాడొచ్చో లేదో తేల్చే ప్రమాణం ఏపీఐ 579 ప్రకారం, పైపుల నుంచి వచ్చే లోడ్లు కూడా కలిపి లెక్క చేయించాల్సిందే. అయితే అంతకుముందే ఆ గుంతల అడుగున పగుళ్లు పట్టే డీపీ (రంగు ద్రవంతో చేసే పరీక్ష) గానీ ఎంపీఐ (అయస్కాంత పొడితో చేసే పరీక్ష) గానీ చేయించండి. క్రాక్ కనిపిస్తే ఈ మందం లెక్కలు చెల్లవు, అది వేరే విశ్లేషణ.

కోత రూపం కూడా చాలా చెబుతుంది. స్పాంజిలా గరుకుగా ఉంటే కావిటేషన్ (ఆవిరి బుడగలు పగిలి లోహాన్ని కొట్టడం), నున్నగా పాలిష్ పట్టినట్టుంటే ఫ్లాషింగ్ (ఒత్తిడి తగ్గి నీరు ఆవిరిగా మారి దూసుకెళ్లడం) అయ్యే అవకాశం ఎక్కువ. నారింజ తొక్కలా సన్నని గుంతలుంటే ప్రవాహం వల్ల వేగం పుంజుకునే తుప్పును అనుమానించాలి. మామూలు కార్బన్ స్టీల్‌లో నీటి ఉష్ణోగ్రత 130–150 డిగ్రీల దగ్గర ఇది ఉధృతంగా ఉంటుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2004లో జపాన్‌లోని మిహామా అణు విద్యుత్ కేంద్రంలో ఆరిఫైస్ (ప్రవాహం కొలిచే రంధ్రపు పలక) తర్వాతి పైపు ఇలాగే పలచబడి పగిలి ఐదుగురు చనిపోయారు. ఆ చోటు తనిఖీ జాబితాలోనే లేదు.

నా అభిప్రాయం అడిగితే, బాడీ మార్చేయడమే మేలు. తుప్పే కారణమైతే క్రోమియం ఉన్న డబ్ల్యూసీ6 లేదా డబ్ల్యూసీ9 రకం పోత ఉక్కు బాడీ తీసుకోండి. కావిటేషన్ అయితే ట్రిమ్ (ప్లగ్, సీటు లాంటి లోపలి భాగాలు) మార్చకుండా బాడీ ఒక్కటే మార్చినా మళ్లీ అదే కథ. స్పేర్ దొరకక వెల్డ్ బిల్డప్ (తినేసిన చోట వెల్డింగుతో లోహం నింపడం) చేయాల్సి వస్తే, ప్రీహీట్, వెల్డింగ్ తర్వాతి హీట్ ట్రీట్‌మెంట్ విషయంలో తయారీదారు రాతపూర్వక సలహా, తనిఖీ అధికారి అనుమతి ముందే తీసుకోండి. పని అయ్యాక బాడీ మీద గ్రిడ్ గీసి, ఆ వంపుతో సహా కొత్త రీడింగులు రాసి పెట్టండి. అరుగుదల రేటు లెక్కకు మొదటి కొలత అదే.