వార్షిక నివేదిక రాసే ముందు నిరుటి జాబితా తియ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

కృషి విజ్ఞాన కేంద్రంలో (కేవీకే) చేరిన మొదటి ఏడాదే వార్షిక నివేదిక నీ నెత్తిన పడిందని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని ఫోన్‌లో అన్నావు. ఆ టెన్షన్ అందరూ పడ్డదే బాబూ. ఫార్మాట్ ఎలాగూ కేవీకేల మీద అజమాయిషీ చేసే అటారీ నుంచి వస్తుంది. ఎన్ని శిక్షణలు, ఎంతమంది హాజరు, ఎన్ని ఎఫ్‌ఎల్‌డీలు (కొత్త పద్ధతిని రైతు పొలంలో చేసి చూపించే ప్రదర్శనలు), ఎన్ని ఓఎఫ్‌టీలు (రైతు పొలంలో చేసే ప్రయోగాలు) అన్న గళ్లు రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంటే నిండిపోతాయి. దానికి నా సలహా అక్కర్లేదు.

నేను చెప్పేది వేరే. ఈ ఏడాది ఎఫ్‌ఎల్‌డీలను కాసేపు పక్కన పెట్టి, నిరుటి జాబితా తియ్యి. అవి నువ్వు వేసినవి కావు కాబట్టి నీకు మొహమాటం కూడా ఉండదు. ఆ రైతుల దగ్గరికి వెళ్లి, ఈసారి మనం ఏమీ ఇవ్వకపోయినా అదే పని సొంత డబ్బుతో చేశారా, మానేశారా అని అడుగు. విత్తనం, మందు మనమే ఇచ్చిన ఏడాది ఎవరైనా చేస్తారు. మనకు మంచి ఫొటో కూడా దొరుకుతుంది. మన పని నిలిచిందో లేదో తెలిసేది మరుసటి ఏడాదే.

మానేశామంటే అక్కడితో వదిలెయ్యకు, ఎందుకో తవ్వు. మొలక కట్టిన వరి గింజను నేరుగా మడిలో వరసల్లో రాల్చే డ్రమ్ సీడర్ సంగతే చూడు. నారుమడి ఉండదు, నాట్ల కూలి మిగులుతుంది, ఎకరానికి 20-25 కిలోలు పట్టే విత్తనం దాదాపు సగంతో సరిపోతుంది, పంట వారం పది రోజులు ముందే చేతికొస్తుంది. ఇవన్నీ నిజాలే. అయినా మానేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. కూర్చుని మాట్లాడితే ఒకాయన చేను చదునుగా లేక, పల్లంలో నీళ్లు నిలిచి గింజ మురిగిపోయిందంటాడు. ఇంకొకాయన నానిన గింజను మొలకకు మండె కట్టి మర్నాడు చూసుకోలేదు. మొలకలు పొడుగు సాగి ఒకదానికొకటి చిక్కుకుని డ్రమ్ము రంధ్రాల్లోంచి రాలలేదు. గింజ ముక్కు పగిలి తెల్లగా కనబడగానే పోయాలని, డ్రమ్ము నిండా పోయకూడదని ఆయనకు ఎవరూ చేతిలో పెట్టి చూపించలేదు. మూడో ఆయన నాట్లలో మిగిలిందంతా కలుపు కూలికే పోయిందంటాడు. ఒక్కొక్కరిదీ ఒక్కో కారణం. చదును చేయించడం ఒకరి అవసరం, చేసి చూపించడం ఇంకొకరికి, మొదటి మూడు నాలుగు రోజుల్లో వెయ్యాల్సిన కలుపు మందు మరొకరికి. నివేదికలో ‘రైతులు ఆసక్తి చూపలేదు’ అని ఒక్క వాక్యం రాస్తే ఇవన్నీ గంగలో కలిసినట్టే. ఆ వాక్యమంటే నాకు మొదటినుంచీ చిరాకు.

మనం పెద్దగా చెప్పకుండానే పాకినవి కూడా రాయి. కృష్ణా డెల్టాలో వరి మాగాణుల్లో మినుము చల్లడం తరాల అలవాటు. నేలలో మిగిలిన తేమకు, మంచుకు పండే పంట అది. పల్లాకు తెగులు వచ్చి, తెల్లదోమ దాన్ని చేనంతా అంటించేసరికి రైతు విసిగిపోయాడు. దున్నకుండానే, వరి మోళ్ల మధ్య కర్రతో గుంత చేసి మొక్కజొన్న గింజ వేయడం అలా ఊరినుంచి ఊరికి పాకింది. పక్కచేను చూసి నేర్చుకున్నవాళ్లే ఎక్కువ. మొక్కజొన్నకు తడులు ఎక్కువ కావాలి, కాలువ ముందే కట్టేస్తే కష్టం. అయినా వేశారంటే వాళ్ల కష్టం ఎక్కడుందో అర్థం చేసుకో. మీ మండలాల్లో అలాంటివి ఏమున్నాయో ఎరువుల కొట్టువాణ్ణి అడుగు, మనకంటే ముందు అతనికే తెలుస్తుంది. రైతు సలహా అడిగేది కూడా ఎక్కువగా అతన్నే. హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ 2003లో డీలర్లకు డిప్లొమా కోర్సు పెట్టింది అందుకే కదా.

ఓఎఫ్‌టీలో తేడా రాకపోతే రాలేదనే రాయి. అది రైతు పొలంలో పరీక్ష. పరీక్ష అన్నాక ‘పని చేయలేదు’ అన్నది కూడా ఫలితమే.

ఇక ఆదాయ వ్యయాల పట్టిక. రూపాయి పెడితే రెండున్నర వచ్చిందని లెక్క తేలితే సంబరపడకు, ఖర్చులో కౌలు ఉందో లేదో చూడు. డెల్టాలో దున్నేవాళ్లలో కౌలుదార్లే ఎక్కువ, ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట్లాడుకుంటారు. ఆ బస్తాలు తీసేస్తే, ఇంటిల్లిపాది రెక్కల కష్టానికి కూలి కట్టేస్తే, మన నిష్పత్తి చాలాచోట్ల బాగా కిందికి దిగుతుంది. రెండు లెక్కలూ పక్కపక్కన వెయ్యి. మన జాబితాల్లో కౌలుదారు పేరు అరుదు, పాస్‌బుక్కు ఉన్నాయన పేరే ఉంటుంది. అదీ రోడ్డు పక్క పొలమైతే. వచ్చే ఏడాదికి లోపలి పొలాలు, కౌలు పొలాలు కొన్నైనా ఎంచుకో. కలుపు మీద శిక్షణ పెట్టినప్పుడు కలుపు తీసే ఆడవాళ్లు ఎంతమంది వచ్చారో కూడా హాజరు పట్టీలో ఒకసారి చూడు.

ఇవన్నీ ఫార్మాట్‌లో పట్టవు. విడిగా రెండు పేజీలు రాసి దగ్గర పెట్టుకో. ఖరీఫ్‌కు ముందు జరిగే జోనల్ సమావేశానికి పరిశోధనా స్థానాల వాళ్లూ, వ్యవసాయ శాఖ వాళ్లూ వస్తారు. ఆ కాగితం అక్కడ చదివి వినిపించు. కొత్త ఓఎఫ్‌టీలు దాంట్లోంచే అడుగు.

చిత్తు ప్రతి సంక్రాంతిలోపు పంపితే చూసి పెడతాను. నిరుటి జాబితా పట్టుకుని తిరిగేటప్పుడు జీపు డ్రైవర్ని కూడా మాటల్లో కలుపుకో, ఏ రైతు ఎందుకు మానేశాడో అతనికి సగం తెలిసే ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు