ఐర్లాండ్ టీడీల ప్రశ్నలు, మన ఇండ్ల ప్రశ్నలు: పాఠకుల ఉత్తరాలకు జవాబులు

పోయిన నెల ఈ పేజీల ఐర్లాండ్ పార్లమెంటు సభ్యులు, వాళ్లను అక్కడ టీడీలంటరు, పిల్లల సంరక్షణ, కుటుంబ సేవల మీద మంత్రిని అడిగే ప్రశ్నల గురించి జెరంత రాసినం. మస్తు ఉత్తరాలొచ్చినయ్. చూస్తుంటే వరంగల్, కరీంనగర్ దిక్కు గల్లీకొకరన్న డబ్లిన్‌లనో కార్క్‌లనో ఉన్నట్టున్నరు. అన్నిటికీ జాగ లేదు, నాలుగు తీసుకున్న.

ప్రశ్న: మా బిడ్డ, అల్లుడు డబ్లిన్‌ల ఉంటరు. మనుమనికి ఆరేండ్లు. అమ్మ కొట్టిందని బడిల టీచర్‌కి చెప్పిండట, వారం కాకముందే టుస్లా నుంచి ఫోనొచ్చింది. బిడ్డ ఏడుస్తున్నది. పిల్లగాన్ని గుంజుకపోతరా సార్? అక్కడి టీడీకి చెప్పుకుంటే ఆపుతడా?
(ఒక అమ్మమ్మ, సుబేదారి, హనుమకొండ)

జవాబు: అమ్మా, ఫోనొచ్చిందంటే పిల్లగాన్ని తీస్కపోతందుకు బండెక్కిన్రని కాదు. టుస్లా అంటే పిల్లల కోసం, కుటుంబాల కోసం అక్కడి సర్కారు పెట్టిన సంస్థ, 2014 జనవరి 1 నుంచి నడుస్తున్నది, అంతకుముందు ఈ పనంత వాళ్ల ఆరోగ్య సేవల సంస్థ చూస్తుండె. టీచరమ్మ పగబట్టి ఫిర్యాదు చేసిందని మీ బిడ్డ అనుకోవద్దు, 2017 డిసెంబర్ నుంచి టీచర్లు, డాక్టర్లు, నర్సులు, పోలీసులు, ఇట్లాంటోళ్లకు పిల్లలకు హాని జరుగుతున్నదని గట్టి అనుమానమొస్తే చెప్పుడు చట్ట ప్రకారం డ్యూటీ. చెప్పకుంటే తప్పు వాళ్లది అయితది.

ఇంకోటి మీకు నచ్చకపోవచ్చు గానీ చెప్పాలె. తల్లిదండ్రులు బుద్ధి చెప్పేతందుకు ఓ దెబ్బ ఏస్తే తప్పు కాదు అనే పాత వెసులుబాటు ఐర్లాండ్‌ల ఉండె, 2015 డిసెంబర్‌ల దాన్ని తీసేసిన్రు. అంటే మన ఇండ్లల్ల గరిటె చూపిచ్చి అన్నం తినిపిచ్చే పద్ధతి అక్కడ కేసు దాకా పోవచ్చు. "మేం గిట్లనే పెరిగినం గదా" అనే మాట అక్కడి సోషల్ వర్కర్ ముంగట పనికిరాదు, పైగా రివర్స్ కొడ్తది.

ఇగ భయం సంగతి. 2023ల టుస్లాకు వచ్చిన రిపోర్టులు 90 వేలు దాటినయ్. అదే సంస్థ సంరక్షణల ఉన్న పిల్లలు, ఏండ్ల సంది ఉన్నోళ్లను కలుపుకొని కూడా, ఆరు వేల లోపే, వాళ్లల్ల కూడా పదిమందిల దాదాపు తొమ్మిదిమంది ఏదో ఒక కుటుంబంల, ఫోస్టర్ ఇంట్ల పెరుగుతున్నరు. మీరే లెక్క చూస్కోండ్రి, ఎక్కువ రిపోర్టులు ఫోన్‌తోని, ఒకటి రెండు సార్లు ఇంటికొచ్చి మాట్లాడుడుతోని అయిపోతయ్. ఇంటికి సాయం కావాలనిపిస్తే "మీహల్" అని ఒక పద్ధతుంది, తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే, బడోళ్లు ఇంకొందరు కలిసి కూసొని ఈ ఇంటికేం కావాలె అని చూస్తరు.

పిల్లల్ని నిజంగ తీసుకోవాల్నంటే రెండు దారులు. తల్లిదండ్రులు ఒప్పుకొని సంతకం పెడితే ఒకటి, ఆ ఒప్పుకున్నదాన్ని వాళ్లు మళ్ల వాపసు తీసుకోవచ్చు. లేకుంటే జిల్లా కోర్టు. అత్యవసరం అని జడ్జి ఇచ్చే ఆర్డర్ ఎనిమిది రోజులకు మించదు, ఆ తర్వాత కావాల్నంటే మళ్ల కోర్టుకే రావాలె, తల్లిదండ్రుల వకీలు మాట్లాడ్తడు, పైసల్లేనోళ్లకు సర్కారు తరఫున లీగల్ ఎయిడ్ ఉంటది. ఒక్క పోలీసులకు మాత్రం ప్రాణం మీదికొచ్చినట్టుంటే కోర్టుకు పోకముందే పిల్లల్ని పక్కకు తీసుకపోయే అధికారముంది, అప్పుడు కూడా టుస్లాకు అప్పజెప్పాలె, టుస్లా పిల్లల్ని ఇంటికి వాపసు పంపకుంటే మూడు రోజులల్ల జడ్జి ముంగటికి పోవాల్సిందే.

టీడీ సంగతి అడిగిన్రు. ఒక్కో నియోజకవర్గంల ముగ్గురి నుంచి ఐదుగురు టీడీలుంటరు, వారానికోసారి "క్లినిక్" అని పెట్టుకొని జనాన్ని కలుస్తరు, ఓటు లేనోళ్లు కూడా పోవచ్చు. ఆయన మంత్రికి లెటర్ రాయొచ్చు, రాతపూర్వక ప్రశ్న కూడా ఏయొచ్చు. ఒక ఇంటి కేసు మీద ప్రశ్న ఏసినప్పుడు పేరు అచ్చుల రాదు, "వివరాలు ఇచ్చినం" అని రెండు మాటలే పడ్తయ్, అసలు పేరు, అడ్రసు శాఖకు ఏరేగ పోతది. కాబట్టి పరువు పోతదని భయం లేదు. కానీ ప్రశ్న ఏసినంత మాత్రాన టుస్లా ఎంక్వయిరీ ఆగదు, కోర్టుల ఉన్నదైతే అసలే ఆగదు. ఫోన్ ఎత్తుతలేరు, మూడు నెలల సంది జవాబు లేదు, సోషల్ వర్కర్లు మారిపోతున్నరు, గిట్లాంటి వాటికి మాత్రం టీడీ బాగ పనికొస్తడు.

మీ బిడ్డను దాచిపెట్టకుండ మాట్లాడమనుండ్రి, ఇంగ్లీషుల తడబాటుంటే దుబాసి కావాలని ముందే అడగమనుండ్రి, ఏం మాట్లాడుకున్నరో డేట్ ఏసి రాసి పెట్టుకొమ్మనుండ్రి. మీకో మాట, వీడియో కాల్‌ల మనుమన్ని "టీచర్‌కెందుకు చెప్పినవ్ రా" అని మాత్రం అడగకుండ్రి. ఆ ఒక్క మాట పిల్లగాడు మళ్ల బడికి పోయి చెప్తే కథ ఇంకో మలుపు తిరుగుతది.

ప్రశ్న: నేను కేయూల ఎల్‌ఎల్‌బీ చదువుతున్న. పోయిన నెల మీరు రాసినంక ఐర్లాండ్ పార్లమెంటు సైట్‌ల మంత్రి జవాబులు చదివిన. సగం జవాబులల్ల "ఇది టుస్లా రోజువారీ పని, మీ ప్రశ్న వాళ్లకు పంపిన, నేరుగ మీకే జవాబిస్తరు" అనే ఉన్నది. మరి అడిగి ఏం లాభమన్నా? మంత్రి తప్పిచ్చుకునుడే గదా?
(ఒక విద్యార్థి, హనుమకొండ)

జవాబు: తప్పిచ్చుకునుడు కొంత ఉన్నది తమ్మీ, లేదని నేనన. అయితే అండ్ల న్యాయం కూడా కొంత ఉన్నది. 2013 చట్టం ప్రకారం టుస్లా సొంత బోర్డున్న ఏరే సంస్థ, పాలసీ, బడ్జెట్ మంత్రివి, ఏ ఇంటికి ఏ సోషల్ వర్కర్ పోవాలె అనేది వాళ్లది. మంత్రి ఫోన్ చేసి ఫలానా ఇంటి ఫైల్ మూసేయుమంటే మనకు బాగుంటదా? బాగుండది.

కిటుకంత ప్రశ్న ఎట్ల రాసిన్రనే దాంట్ల ఉంటది. ఆ ప్రశ్నల తీరే చూడు, "పిల్లల శాఖ మంత్రిని అడుగునది ఏమనగా" అని మొదలై, మధ్యల అసలు సంగతి, చివరికి "ఈ విషయం మీద ప్రకటన చేస్తరా" అని తోక, కింద ఒక నంబరు బై సంవత్సరం. "పిల్లల భద్రతకు మీరేం చేస్తున్నరు" అని అడిగినోనికి "కట్టుబడి ఉన్నం" అని రెండు పేజీల ఉపన్యాసం వస్తది. అదే తెలివైన టీడీ ఎట్ల అడుగుతడంటే, సోషల్ వర్కర్ ఇంకా దొరకని పిల్లలెంతమంది, ఏరియా వారీగ, గత మూడేండ్లు, పట్టిక రూపంల ఇయ్యుండ్రి అంటడు. ఇగ మంత్రి ఏడికి పోతడు? లెక్కనన్న ఇయ్యాలె, లెక్క మా దగ్గర లేదనన్న రాయాలె, లేదని రాసిండంటే అది కూడా ఒక జవాబే, పేపరోళ్లకు అదే పెద్ద వార్త. టుస్లాకు పంపిన అన్నా సరే, వాళ్లు ఆ టీడీకి రాసి పంపాలె, ఆయన దాన్ని పట్టుకొని మళ్ల సభల లేస్తడు.

ఒక సంగతి చెప్త, దీంతోని అర్థమైతది. మస్తు ప్రమాదంల ఉన్న కొందరు పిల్లల్ని హైకోర్టు ఆర్డర్‌తోని తాళమేసిన ప్రత్యేక కేంద్రాలల్ల పెడ్తరు, స్పెషల్ కేర్ అంటరు. దేశం మొత్తానికి బెడ్లు 26. కానీ స్టాఫ్ దొరకక అన్ని తెరవలేకపోయిన్రు, జడ్జి ఆర్డర్ ఇచ్చినా పెట్టేతందుకు జాగ లేని పరిస్థితి వచ్చింది. "మా దగ్గర 26 బెడ్లున్నయ్" అంటే అబద్ధం కాదు, నిజం కూడా కాదు. "ఇయ్యాల ఎన్ని నడుస్తున్నయ్, ఎన్ని ఖాళీ, ఎందుకు ఖాళీ" అని మూడు ముక్కలు చేసి అడిగినప్పుడే బొక్క బయటపడ్తది.

అట్లనే ఫోస్టర్ ఇండ్లు దొరకని పిల్లలు. వాళ్లను ప్రైవేట్ కంపెనీలోళ్లు కిరాయికి తీసుకున్న ఇండ్లల్ల, ఒక్కోసారి హోటల్ రూముల్ల పెట్టిన్రు, టుస్లా సొంతంగ నడిపే పిల్లల హోములకు హిక్వా అనే, సేవల నాణ్యత చూసే సర్కారు సంస్థ తనిఖీలుంటయ్, ఈ తాత్కాలిక జాగలకు అవి వర్తించవు. 2023ల డెర్మట్ సిమ్స్ అనే జిల్లా కోర్టు జడ్జి ఆగలేక మంత్రులకే లెటర్ రాసిండు. జడ్జి లెటర్ రాసుడంటే మామూలు సంగతి కాదు గదా. టీడీలు దాన్ని పట్టుకొని ఎంతమంది పిల్లలు, ఎన్ని రాత్రులు, ఏ కంపెనీకి ఎంత కట్టిన్రు అని ప్రశ్నల మీద ప్రశ్నలు ఏసిన్రు. సమస్య అయిపోయిందా అంటే కాలేదు. కానీ ఇప్పుడది అధికారికంగ రాతల ఉన్నది, ఎవ్వలూ మాకు తెల్వదనలేరు. నా మట్టుకు నాకు ప్రశ్నకు అంతకన్న ఎక్కువ ఆశ లేదు, అంతకన్న తక్కువైతే ఊకోను.

ప్రశ్న: సార్, నేను అంగన్‌వాడీ టీచర్‌ని. ఐర్లాండ్ ముచ్చట మంచిగనే ఉన్నది, మన ఎమ్మెల్యేలు గిట్ల అడుగుతరా? అడిగితే ఏం అడగాలె?
(ఒక టీచరమ్మ, మంచిర్యాల జిల్లా)

జవాబు: అడిగే హక్కు మనోళ్లకు వాళ్లకన్న తక్కువేం లేదు టీచరమ్మా. అసెంబ్లీల 119 మంది ఉన్నరు, నక్షత్రం ప్రశ్నకు మంత్రి లేచి నోటితోని చెప్పాలె, నక్షత్రం లేనిదానికి రాసిస్తడు. లోక్‌సభల అయితే ఒక్కరోజు లిస్టుల 20 నక్షత్రం ప్రశ్నలు, 230 దాకా రాత ప్రశ్నలు ఉంటయ్, జవాబులు సైట్‌ల పెడ్తరు, మన ఎంపీ ఏం అడిగిండో ఇంట్ల కూసొని చూడొచ్చు. మనోళ్లు ఎక్కువ రోడ్లు, బ్రిడ్జిలు, రైలు ఆగుడు అడుగుతరు, ఎందుకంటే మనం వాళ్లను అవే అడుగుతం.

మీకు కావాల్నంటే నేను ఇట్ల రాస్త. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం జిల్లాకో బాలల సంక్షేమ సమితి ఉండాలె, అధ్యక్షులు, ఇంకో నలుగురు సభ్యులు, అండ్ల ఒక్కరన్న మహిళ. దిక్కులేని పిల్లలు దొరికితే 24 గంటలల్ల వాళ్ల ముంగటికి తేవాలె. మరి మన జిల్లా సమితిల ఐదు కుర్చీలు నిండినయా, ఎన్నడు నిండినయ్, ఏడాదిల ఎన్నిసార్లు కూసున్నరు, ఎంతమంది పిల్లల సంగతి చూసిన్రు, ఎంతమందిని మళ్ల ఇంటికి పంపిన్రు, పంపినంక ఎవరన్న పోయి చూసిన్రా. అట్లనే మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది, మండలాల వారీగ ఎంతమందికి మంజూరైంది, ఎన్ని నెలల సంది పైసలు పడ్తలేవు. మీ సెంటర్‌కొచ్చే పిల్లలల్ల ఎవ్వల ఇంట్ల నాయన లేడో, ఎవ్వల్ని అమ్మమ్మ సాదుతున్నదో మీకే ముందు తెలుస్తది, ఆ లిస్టు ముంగట పెట్టుకొని రాసిన ప్రశ్నకు, ఆఫీసుల కూసొని రాసినదానికి మస్తు తేడా ఉంటది.

ఎమ్మెల్యే పట్టిచ్చుకోకుంటే అవే ప్రశ్నలు సమాచార హక్కు కింద జిల్లా ఆఫీసుకు ఏయుండ్రి, 30 రోజులల్ల జవాబియ్యాలె. మీరు ఉద్యోగంల ఉన్నరు కాబట్టి మీ పేరు మీద కాకుండ ఊర్లె ఎవరితోనన్న ఏయిస్తే మీకు తలనొప్పి ఉండది. పిల్లగాడు ఇప్పుడే ఆపదల ఉన్నడంటే మాత్రం ఈ ప్రశ్నలు, జవాబులు పక్కన పెట్టి ముందు 1098కి ఫోన్ కొట్టుండ్రి.

ప్రశ్న: మా తమ్ముడు లిమరిక్‌ల పనిచేస్తున్నడు, ఇంకా ఇండియా పాస్‌పోర్టే. టీడీ ఎలక్షన్ల ఓటు లేదన్నరట, మరి ఆయన మాట ఎవరు ఇంటరు?
(ఒక పాఠకుడు, జగిత్యాల)

జవాబు: టీడీని ఎన్నుకునే ఓటు ఐర్లాండ్, బ్రిటన్ పౌరులకే. కానీ కౌన్సిలర్లను ఎన్నుకునే లోకల్ ఎలక్షన్లల్ల అక్కడ నివాసముండే 18 ఏండ్లు నిండిన ఎవ్వలైనా ఓటేయొచ్చు, పాస్‌పోర్టు ఏ దేశానిదైనా సరే. అక్కడ చాలామంది టీడీలు ముందు కౌన్సిలర్లుగ గెలిచి పైకొచ్చినోళ్లే, కాబట్టి ఈ ఓటును చిన్న సూపు సూడొద్దు. పోయినసారి 2024 జూన్‌ల అయినయ్, ఐదేండ్లకోసారి వస్తయ్. ఓటరు లిస్టుల పేరుందో లేదో ఆన్‌లైన్‌ల చూస్కోవచ్చు, లేకుంటే ఇప్పుడే ఎక్కిచ్చుకొమ్మనుండ్రి, పీపీఎస్ నంబరు (మన ఆధార్ లెక్క అక్కడి సర్కారు ఇచ్చే నంబరు), ఇంటి అడ్రసు ఉంటే చాలావరకు ఫోన్‌లనే అయిపోతది.