మార్చి ఎండ చూసి బెండ గింజలు వేయకండి

మంచు కరిగి నాలుగు రోజులు ఎండ కాసిందంటే చాలు, కొత్తగా అమెరికా వచ్చిన మనవాళ్లు అడిగే మొదటి సందేహం ఇదే: "గోంగూర, బెండ గింజలు ఇప్పుడే వేసేయొచ్చా అండీ?" మీరు హ్యూస్టన్‌లో ఉంటే మార్చి నెలాఖరుకు నిశ్చింతగా వేయొచ్చు. న్యూజెర్సీలోనో షికాగోలోనో ఉంటే మే నెల సగం గడిచేదాకా ఆగండి. మన దగ్గర ఎండ వచ్చిందంటే వేడి వచ్చినట్టే. ఇక్కడ మార్చిలో ఒక మధ్యాహ్నం 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, రెండు రోజులు తిరక్కుండానే రాత్రి 28కి, అంటే గడ్డకట్టే చలికి, పడిపోతుంది. మొక్క బతుకు తేల్చేది ఆ రాత్రి చలే.

అందుకే ముందు మీ ఊరి పేరుతో లాస్ట్ ఫ్రాస్ట్ డేట్, అంటే వసంతంలో చివరిసారి గడ్డకట్టే చలి పడే తేదీ, ఎప్పుడో వెతకండి. డల్లాస్‌లో అది మార్చి మధ్యలో ఉంటుంది, మినియాపాలిస్‌లో మే మొదట్లో. అది సగటు లెక్క కాబట్టి ఆ తేదీ దాటాక కూడా ఒక రాత్రి గడ్డకట్టే చలి పడొచ్చు. ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది మదర్స్ డే, అంటే మే రెండో ఆదివారం, దాటాకే టమాటా నారు బయట నాటుతారు. వంకాయకి, బెండకి ఇంకో పది రోజులు ఆగినా నష్టం లేదు. నాటాక చలి పడుతుందని వాతావరణ సూచనలో కనిపిస్తే సాయంత్రమే పాత దుప్పటి కప్పి, పొద్దున్నే తీసేయండి. ప్లాస్టిక్ షీటు ఆకులకి ఆనితే ఆనిన చోటల్లా ఆకు మాడిపోతుంది.

జోన్ అనే మాట కూడా వింటారు. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు చలిని బట్టి దేశాన్ని జోన్లుగా విడదీసిన మ్యాపు (2023లో కొత్తది వచ్చింది) మీ ఊళ్లో చలికాలం ఎంత లోతుకు పోతుందో చెబుతుంది. దానిమ్మ, అంజూర లాంటి ఏళ్ల తరబడి ఉండే చెట్లు బయట బతుకుతాయా లేదా అన్నదానికే అది పనికొస్తుంది. సియాటెల్, డల్లాస్ దాదాపు ఒకే జోన్‌లో ఉంటాయి. డల్లాస్ ఎండల్లో విరగకాసే బెండ సియాటెల్ చల్లదనంలో ఎదగడానికే మొరాయిస్తుంది.

బెండ గింజకి నేల 65 డిగ్రీల ఫారెన్‌హీట్ అయినా ఉండాలి. 75 దాటితే ఇంకా చురుగ్గా మొలుస్తుంది. చల్లటి తడి మట్టిలో వేస్తే గింజ ఉబ్బి, మెత్తబడి, కుళ్లిపోతుంది. మట్టిలో గుచ్చే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కుని, పొద్దున్నే రెండు అంగుళాల లోతున ఎంత ఉందో చూడండి. మధ్యాహ్నం చూస్తే పైపై వేడే కనిపిస్తుంది.

అలాగని మార్చి, ఏప్రిల్ ఊరికే కూర్చోవాల్సిన నెలలు కావు. నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: మొదటి ఏడాది మీరు బెంగపడుతున్న కూర పక్కన పెట్టి, ఆ నెలలో ఆ నేల ఏది ఇస్తుందో అది వేసుకోండి. కొత్తిమీర, మెంతికూర, పాలకూర, ముల్లంగి, బఠానీ ఈ చల్లదనం కోసమే పుట్టినట్టు పెరుగుతాయి. చిన్నపాటి మంచుకి ఇవి చావవు. ధనియాలు అరచేతితో నొక్కి బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున వేయండి. మొలక రావడానికి రెండు వారాలు, ఒక్కోసారి మూడు పడుతుంది. తొందరపడి తవ్వి చూడకండి. జూన్ ఎండలు ముదిరితే కొత్తిమీర పూతకొచ్చి ఆకు సన్నబడిపోతుంది. కాబట్టి మంచి కొత్తిమీర తినాలంటే అది వసంతంలోనే, రెండు వారాలకోసారి కొంచెం కొంచెంగా చల్లుకుంటూ ఉండాలి.

వంకాయ, మిరప, టమాటా నారు ఆ లోగా ఇంట్లో పోసుకోవచ్చు. కిటికీ వెలుగు చాలక నారు సన్నగా సాగిపోతే మామూలు ఎల్‌ఈడీ లైటు మూడు నాలుగు అంగుళాల ఎత్తులో పెట్టండి. ఇంట్లో పెరిగిన నారుని ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు తెల్లబడి మాడిపోతాయి. వారం పది రోజులు మొదట గంట, తర్వాత రెండు గంటలు బయట నీడలో ఉంచి అలవాటు చేయాలి.

చిక్కుడు గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీనితోనే నిరాశపడతారు. పందిరంతా అల్లుకుంటుంది, ఒక్క పువ్వు ఉండదు. ఎరువు తక్కువైందనుకుని ఇంకా వేస్తారు. అసలు సంగతి పగటి నిడివి. మన చిక్కుడు రకాల్లో చాలావాటికి పగలు కురచవడం మొదలైతేగాని పూత రాదు, ఉత్తరాదిలో పూతకొచ్చేసరికి మళ్లీ మంచు వచ్చేస్తుంది. అక్కడుంటే పగటి నిడివితో పనిలేని పొట్టి రకం అడిగి తీసుకోండి. గోంగూరదీ ఇదే స్వభావం, కానీ మనకి కావలసింది ఆకే కాబట్టి వేసవంతా హాయిగా కోసుకోవచ్చు.

ఇక కరివేపాకు. చలికాలం ఇంట్లో పెట్టిన మొక్క ఆకులన్నీ రాల్చి మోడైతే చచ్చిపోయిందని పారేస్తారు. పారేయకండి. కాండం మీద గోటితో కొద్దిగా గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. నీళ్లు తగ్గించి ఓపిక పట్టండి. రాత్రి చలి 50 డిగ్రీల కిందికి దిగడం మానాక బయట నీడలో పెట్టి, మెల్లగా ఎండకి జరపండి. చిగురు వేశాక కొసలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఆకులు జిగురుగా తగిలితే వెనక్కి తిప్పి చూడండి, గోధుమ రంగు పొలుసు పురుగులు అంటుకుని ఉంటాయి. తడిగుడ్డతో ఓపిగ్గా తుడవాల్సిందే.

ఈ మొక్కకి ఇంకో చిక్కుంది. కరివేప నిమ్మ, నారింజల కుటుంబానికి చెందింది. నారింజ తోటలను నాశనం చేసే సిట్రస్ గ్రీనింగ్ తెగులుని మోసుకొచ్చే చిన్న పురుగు దీని మీద కూడా చేరుతుంది. 2005లో ఫ్లోరిడాలో బయటపడిన ఆ తెగులుకి ఇప్పటికీ మందు లేదు. అందుకే ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో తెగులు పాకకుండా కట్టడి చేసిన క్వారంటైన్ ప్రాంతాల నుంచి ఈ మొక్కని బయటికి తీసుకెళ్లడం మీద ఆంక్షలున్నాయి. ఉద్యోగం మారి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కారు వెనక సీట్లో పెట్టుకుని వెళ్లేముందు ఆ రాష్ట్రం నిబంధనలు చూసుకోండి.

సొంతిల్లు కొన్నవాళ్లు గునపం పట్టేముందు 811కి, అంటే భూమిలో పైపులు, తీగలు ఎక్కడున్నాయో చూపించే సేవకి, ఫోన్ చేయాలి. డబ్బు కట్టక్కర్లేదు. కొన్ని రోజుల్లో మనిషి వచ్చి గ్యాస్ పైపు పోయే దారిన పసుపు, కరెంటు తీగ ఉన్నచోట ఎరుపు గుర్తులు పెట్టి వెళ్తారు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే ఇంటి ముందు జాగాలో కూరగాయలు ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత రంగుల్లోని సీసం గోడ పక్క మట్టిలో కలిసి ఉండొచ్చు. మీ రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్ల ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి (సాగు సలహాలిచ్చే విభాగం) మట్టి పంపి, సీసం పరీక్ష కూడా చేయమని విడిగా అడగండి. మడి ఎక్కడన్నది కూడా ఏప్రిల్‌లో తేల్చేయొద్దు. అప్పటికి చెట్లు బోసిగా ఉంటాయి కాబట్టి పెరడంతా ఎండే. జూన్‌లో పక్కింటి మేపుల్ చెట్టు ఆకు తొడిగాక అదే చోట రెండు గంటల ఎండ కూడా పడకపోవచ్చు.

కుందేళ్లకి రెండడుగుల జాలీ సరిపోతుంది, జింకలకి ఎనిమిది అడుగులు కావాలి. ఈశాన్య రాష్ట్రాల్లో, విస్కాన్సిన్, మినెసోటా వైపు ఉన్నవాళ్లు గడ్డిలో పనిచేసి వచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక, తలలో టిక్స్ (రక్తం పీల్చే పిడుదులు) ఉన్నాయేమో వెతకాలి. వాటివల్ల లైమ్ వ్యాధి వస్తుంది. వసంతంలో అవి గసగసాలంత ఉంటాయి, త్వరగా కనిపించవు.

అపార్ట్‌మెంట్‌లో ఉన్నామని దిగులు పడకండి. బాల్కనీలో ఆరు గంటల ఎండ పడితే ఐదు గ్యాలన్ల బకెట్‌కి అడుగున చిల్లులు పెట్టి, పాటింగ్ మిక్స్ (కుండీల కోసం అమ్మే మట్టి మిశ్రమం) నింపితే ఒక వంగ మొక్క చక్కగా కాస్తుంది. కమ్యూనిటీ గార్డెన్‌లో (ఊరివాళ్లు తలా ఒక మడి తీసుకుని సాగుచేసుకునే తోట) మడి కావాలంటే చలికాలంలోనే దరఖాస్తు పెట్టాలి, ఏప్రిల్‌కి చాలాచోట్ల నిండిపోతాయి. భర్త హెచ్1బీ మీద పనిచేస్తుంటే హెచ్4 వీసా మీద వచ్చిన చెల్లెళ్లు "మిగిలిన నారు అమ్ముకోవచ్చా అక్కా?" అని అడుగుతుంటారు. పని అనుమతి లేనప్పుడు అమ్మకం జోలికి వెళ్లొద్దమ్మా. ఊరికే పంచండి. పలకరింపు కూడా లేని పక్కింటివాళ్లు మిరప నారు పుచ్చుకున్నాక కంచె దగ్గర ఆగి మాట్లాడటం చాలాసార్లు చూశాను.

అమ్మానాన్నలని పిలిపించుకునే ఆలోచన ఉంటే మే మొదటి వారంలో దిగేలా టికెట్ తీయండి. కారు నడపలేక, మాట్లాడేవాళ్లు లేక నాలుగు గోడల మధ్య ఉండిపోయే పెద్దవాళ్లకి పొద్దున్నే పెరట్లోకి వెళ్లడానికి ఒక పని దొరుకుతుంది. పాదులు కట్టడం, పందిరి వేయడం మనకన్నా వాళ్లకే బాగా తెలుసు. సూట్‌కేసులో మాత్రం కరివేపాకు, మొక్కలు, విత్తనాలు పెట్టుకోవద్దని ముందే చెప్పండి. విత్తనాలకి అనుమతి పత్రాలు కావాలి, చెప్పకుండా తెస్తే తీసేసుకోవడమే కాదు, జరిమానా కూడా పడొచ్చు. బీర, సొర, గోంగూర విత్తనాలు ఇక్కడి అమ్మకందారుల దగ్గరే దొరుకుతాయి. అమ్మానాన్నలు వచ్చేలోగా తెప్పించి ఉంచండి.