అమ్మమ్మ గురువారం అంటుంది, క్యాలెండర్ శుక్రవారం అంటోంది. ఏది నమ్మాలి?

సర్టిఫికెట్‌లో తేదీకి శుక్రవారం వస్తోందని, అమ్మమ్మేమో గురువారమే పుట్టావంటోందని, పైగా తిథి ప్రకారం పుట్టినరోజు ఏటా ఎటో పోతోందని అడిగారు. ముందు మీరు పుట్టిన టైమ్ కనుక్కోండి.

మా తమ్ముడిదీ ఇదే గొడవ. కోనసీమ తుపాను 1996 నవంబర్ 6న వచ్చింది. దారి పొడుగునా కొబ్బరిచెట్లు పడి ఉంటే మంత్రసాని కాలవగట్టు మీద నడిచొచ్చిందట. వాడి కాగితాల్లో 8-11-1996. మా నాయనమ్మ మాత్రం "బుధవారం గాలివాన, గురువారం పిల్లాడు" అంటుంది.

నేను లెక్క కట్టాను. ఏ ఏడాదైనా 4-4, 6-6, 8-8, 10-10, 12-12 తేదీలు ఒకే వారం పడతాయి. 7-11, 11-7 కూడా అదే వారం. 1996లో అది గురువారం. అంటే 8వ తేదీ శుక్రవారమే. (ఏడాది మారితే వారం ఒకటి జరుగుతుంది, మధ్యలో ఫిబ్రవరి 29 తగిలితే రెండు.) గొప్పగా నాయనమ్మకి చెప్తే, "అప్పటికి తెల్లారిందేంట్రా?" అంది. వాడు పుట్టింది రాత్రి మూడింటికి! పంచాంగంలో వారం మారేది సూర్యోదయానికి, అర్ధరాత్రికి కాదు. ఇద్దరి లెక్కా కరెక్టే. జాతకానికి గురువారం, అప్లికేషన్లకి 8వ తేదీ.

ఇక తిథి. సంక్రాంతి సూర్యుడి లెక్క కాబట్టి, కనుమనాడు మా కోనసీమలో జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం తేదీ పెద్దగా కదలదు. అంతర్వేది రథోత్సవం భీష్మ ఏకాదశికి (మాఘ శుద్ధ ఏకాదశి), అది చంద్రుడి లెక్క. 2024లో ఫిబ్రవరి 20, 2025లో ఫిబ్రవరి 8, 2026లో జనవరి 29. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులే, అందుకే ఏటా పది పదకొండు రోజులు వెనక్కి. ఇలాగే పోతే మాఘం చలికాలం దాటిపోదూ? అందుకే రెండున్నర, మూడేళ్లకోసారి అధికమాసం. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి 2027లో భీష్మ ఏకాదశి మళ్లీ ఫిబ్రవరి మధ్యకి వస్తుంది.

19 ఏళ్లకోసారి తిథి, తేదీ దాదాపు కలుస్తాయి. 1987, 2006, 2025 మూడేళ్లూ ఉగాది మార్చి 30నే. అయితే ఒక రోజు అటూ ఇటూ అవ్వచ్చు: తమ్ముడు పుట్టిన ఏడు దీపావళి నవంబర్ 10, వాడికి 19 నిండిన 2015లో నవంబర్ 11.