ఫోన్ పోతే గిట్‌హబ్ ఖాతా కూడా పోయినట్టేనా?

పోదు, రికవరీ కోడ్‌లు ముందే దాచుకుని ఉంటే. టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో వచ్చే కోడ్ లాంటి రెండో రుజువు అడిగే పద్ధతి) ఆన్ చేసేటప్పుడు, ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రామ్‌లు దాచుకునే సైట్ గిట్‌హబ్ ఇచ్చే ఆ కోడ్‌లు ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తాయి. దయచేసి వాటిని అదే ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌గా ఉంచకండి. ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి.

లాగిన్ కోడ్‌లు చూపించే ఆథెంటికేటర్ యాప్‌కి సిగ్నల్ అక్కర్లేదు. క్యూఆర్ స్కాన్‌తో ఫోన్‌లోకి చేరిన రహస్య కీనీ, అప్పటి సమయాన్నీ కలిపి 30 సెకన్లకోసారి కొత్త కోడ్ లెక్కగడుతుంది. కానీ నకిలీ లాగిన్ పేజీలో ఆ కోడ్ కొడితే దొంగ చేతికిచ్చినట్టే. సెక్యూరిటీ కీ (లాగిన్‌కి వాడే చిన్న పరికరం), పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే డిజిటల్ కీ) అయితే అసలు సైట్ చిరునామాకే పనిచేస్తాయి. నేనైతే వీటినే వాడమంటాను.

ఇంత టెన్షన్ ఎందుకంటారా? 2018 జూలైలో ఒక మెయింటెయినర్ (ప్యాకేజీ బాగోగులు చూసే ప్రోగ్రామర్) వేరేచోట వాడిన పాస్‌వర్డే, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు పంచుకునే ఎన్‌పీఎంలోనూ వాడారు, టూ-ఫ్యాక్టర్ లేదు. దాంతో దొంగ ఆ ఖాతాలోకి చొరబడ్డాడు. ఈఎస్‌లింట్-స్కోప్ ప్యాకేజీలోకి ఇతరుల ఎన్‌పీఎం టోకెన్లు (పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య కోడ్‌లు) దొంగిలించే ప్రోగ్రామ్ చేరింది.