మోస్ శస్త్రచికిత్స: ఇంకొక ఏడాది చదువు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో చర్మవ్యాధుల రెసిడెన్సీ చివరి సంవత్సరంలో ఉంది. చదువు అయిపోవచ్చిందని మేము సంతోషిస్తుంటే, చర్మ క్యాన్సర్ శస్త్రచికిత్సలో మరో ఏడాది ఫెలోషిప్ చేస్తానంటోంది. ముఖం మీది చిన్న పుండును కోసి తీయడానికి ఇంత చదువు అవసరమా? అందుకు సర్జన్లు ఉన్నారు కదా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, మూడేళ్ళ రెసిడెన్సీ గడిచాక మళ్ళీ చదువంటే తల్లిదండ్రులకు ఇలా అనిపించడం సహజమేనండీ. అయితే ఆ ఏడాదిలో మీ అమ్మాయి కోయడంతో పాటు, తాను కోసిన ముక్కను తానే మైక్రోస్కోప్ కింద చదవడం కూడా నేర్చుకుంటుంది. మామూలుగా సర్జన్ కోస్తారు, కోసిన ముక్కను పరీక్షించే పెథాలజిస్టు చూస్తారు. మోస్ శస్త్రచికిత్స అనే ఈ పద్ధతిలో ఆ రెండు పనులూ ఒక్కరివే.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ మోస్ 1930లలో దీనికి రూపమిచ్చి, 1941లో ప్రచురించారు. కణితిని పలుచని దొన్నె ఆకారంలో తీసి, ఏ వైపు ఏదో గుర్తుండేలా అంచులకు రంగులు పూస్తారు. దొన్నెను అరచేత్తో నొక్కితే అంచూ అడుగూ ఒకే మట్టానికి వచ్చినట్లు, ఆ ముక్కను చదును చేసి గడ్డకట్టించి, అడుగు వైపు నుంచి పలుచని పొరలు తీసి స్లైడు మీద పరుస్తారు. మామూలు పరీక్షలో ముక్కను సొరకాయ చక్రాల్లా నిలువునా తరిగి కొన్నిటినే చూస్తారు కనుక, అంచులో నూటికి ఒక వంతు కూడా కంటపడదు. ఇక్కడ అంచు మొత్తం కనిపిస్తుంది. ఎక్కడైనా క్యాన్సర్ కణాలు మిగిలితే రంగుల గుర్తును బట్టి సరిగ్గా అక్కడే మరో పొర తీస్తారు. ఆ భాగానికి మాత్రమే మత్తు ఇస్తారు కనుక రోగి మెలకువగానే ఉండి, ఒక్కో పొర ఫలితం కోసం కట్టుతో బయట కూర్చుంటారు.

ఏడాది ఎందుకో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ముక్కు మీద ఏటవాలుగా తెగిన వెంట్రుక కుదురు, మైక్రోస్కోప్ కింద బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ కణాల గుంపులాగే కనిపిస్తుంది. దానిని క్యాన్సర్ అనుకుంటే అనవసరంగా ముక్కు చర్మం పోతుంది. క్యాన్సర్‌ను కుదురు అనుకుంటే జబ్బు లోపలే ఉండిపోతుంది. ఈ తేడా పుస్తకం చదివితే పట్టుబడేది కాదు, అందుకే ఫెలోషిప్‌లో కనీసం 500 శస్త్రచికిత్సల్లో పాల్గొనాలన్న నియమం పెట్టారు. కనురెప్ప దగ్గరో పెదవి మీదో ఏర్పడిన గుంటను పక్క చర్మం జరిపి గానీ, వేరే చోటి చర్మం తెచ్చి అతికించి గానీ పూడ్చడం కూడా ఆ ఏడాదే నేర్పుతారు. మొదటిసారి వచ్చిన బేసల్ సెల్ క్యాన్సర్‌కు ఈ పద్ధతిలో నూటికి 99 మందికి దాకా నయమవుతుందంటే, ఆ శిక్షణ గట్టితనమే అందుకు ముఖ్య కారణమని నేను నమ్ముతాను. అమెరికా చర్మవైద్య బోర్డు 2021 నుంచి ఈ విభాగానికి విడిగా పరీక్ష కూడా పెడుతోంది. అమ్మాయిని ఆపకండి.

ప్రశ్న: నేను ఎండీ డెర్మటాలజీ రెండో సంవత్సరం విద్యార్థిని. ఈ శిక్షణ మన దేశంలో పొందవచ్చా? ఇక్కడి ఎండీతో అమెరికా ఫెలోషిప్‌కు వెళ్ళవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రెండో ప్రశ్నకు ముందు చెబుతాను. ఇక్కడి ఎండీని అక్కడ రెసిడెన్సీగా లెక్కించరు. యూఎస్ఎంఎల్ఈ (అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష) రాసి, అక్కడ మళ్ళీ రెసిడెన్సీ చేయడమే మామూలు దారి.

ఇక మన దగ్గర ఇబ్బంది రోగుల సంఖ్యతోనే. మన చర్మంలోని మెలనిన్ ఎండ నుంచి కాపాడుతుంది కాబట్టి బేసల్ సెల్ క్యాన్సర్ తెల్లవారిలో కంటే చాలా తక్కువ. చేయి తిరగాలంటే వందల కేసులు కావాలి. మోస్ పద్ధతి కొన్ని పెద్ద ఆసుపత్రులకే పరిమితమై, ఎక్కువ మంది రోగులు క్యాన్సర్ సర్జన్ల దగ్గరకో ప్లాస్టిక్ సర్జన్ల దగ్గరకో వెళుతున్నారు. మీరు ఇప్పుడే చేయగలిగినది ఒకటుంది. మీ కళాశాల పెథాలజీ విభాగంలో అనుమతి తీసుకుని వారానికి ఒక పూట స్లైడ్ల ముందు కూర్చోండి. పాత కాలిన మచ్చ మీద మానని పుండుతో ఎవరైనా వస్తే, మందు రాసి పంపకుండా పుండు అంచు నుంచి బయాప్సీ తీయించి, ఆ స్లైడును మీ కళ్ళతో చూడండి. స్క్వామస్ సెల్ క్యాన్సర్ అనే మరో రకం చర్మ క్యాన్సర్ మన దగ్గర తరచు అలాంటి మచ్చల్లోనే బయటపడుతుంది.